స్విచ్ మాట వినే పెట్టె

బావ పానా ఎత్తి, నా బల్ల మీదున్న రెండో పెట్టెకు ఒక్కటిచ్చాడు. మూత సొట్టపోయింది.

"ఇది కొన్నావంటే ఈసారి దెబ్బ నీ నెత్తి మీద పడుతుంది," అన్నాడు.

అక్క మొగుడు కాబట్టి ఊరుకున్నాను. ఇంకో మెకానిక్ అయితే మెడపట్టి గెంటేసేవాణ్ణి. సెల్ టవర్ల కింద మనుషులుండని పరికరాల గదులు మాకు నూట నలభై ఉన్నాయి. వాటి తలుపుల్నీ బ్యాటరీల్నీ జనరేటర్లనీ ఆఫీసులో కూర్చునే చూసుకుంటూ నడిపే కంట్రోలర్‌ని ఎంచే పని నాకు అంటగట్టారు. చివరికి రెండు పెట్టెలు మిగిలాయి. గదిలో పనిచేసేవాడు జనరేటర్ పక్కనున్న స్విచ్‌ని 'లోకల్'కి తిప్పితే మొదటి పెట్టె ఇక నా మాట వినదు. రెండోది స్విచ్ ఎటున్నా నా మాటే వింటుంది.

నాకు రెండోదే కావాలి. మా మెకానిక్‌లందరికీ ఒకటే జబ్బు, పని అయ్యాక స్విచ్ వెనక్కి తిప్పరు. కరెంటు పోతుంది, జనరేటర్ కదలదు, టవర్ పడుకుంటుంది.

"మర్చిపోయేది మీరు, తిట్లు తినేది నేనా?" అన్నాను.

"తిట్లు తింటే ఎవడూ చావడురా. లోపల చెయ్యి పెట్టేది మేం," అన్నాడు బావ.

ఊరవతల గదిలో రెండో పెట్టెను పరీక్షకు పెట్టించాను. కసికొద్దీ, ఆ సొట్టతోనే, బావ చేతే బిగింపజేశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆ గదికి బావ వెళ్ళాడు. తలుపు ఆయన కార్డుతో తెరుచుకున్నట్టు నా తెర మీద పడింది. కాసేపటికి 'లోకల్' దీపం వెలిగింది. నేను పట్టించుకోలేదు. ఆ దీపం మా దగ్గర ఏదో ఒక గదికి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది.

అంతలో తలుపు దగ్గరి కెమెరాలో ముగ్గురు కనిపించారు. చేతుల్లో గునపాలున్నాయి. రాగి కేబుళ్ల కోసం వచ్చారు. ముందు బయటి కరెంటు తీగ నరికారు. గొడవ విని బావ గుమ్మంలోకి వచ్చాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది, రెండోది మోకాలి మీద. ఆయన పానా విసిరాడు, ఒకడి ముక్కు పగిలింది. ఆ తర్వాత ముగ్గురూ ఆయన్ని జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయారు. లోపల కెమెరా లేదు, మైకు మాత్రమే ఉంది. ఇనుము మాంసానికి తగిలే చప్పుడు ఎలా ఉంటుందో ఆ రోజే విన్నాను. "చంపెయ్యరా వీణ్ణి," అన్నాడొకడు.

పోలీసులకు ఫోన్ చేశాను, వాళ్ళు రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. కెమెరా, మైకు బ్యాటరీ మీద నడుస్తాయి. గది మీద సైరన్ ఉంది, కానీ దానికి కరెంటు లేదు. జనరేటర్ నడిస్తేనే అది మోగుతుంది. స్విచ్ లోకల్‌లో ఉంది. బావ కూడా అందరిలాగే పని అయ్యాక వెనక్కి తిప్పడం మర్చిపోయి ఉంటాడనుకున్నాను. పోనీ, ఈ పెట్టెకు స్విచ్‌తో పనేముంది? స్టార్ట్ నొక్కాను.

జనరేటర్ రంకె వేసింది, సైరన్ మోగింది. ఆ రెండింటినీ మించి బావ అరుపు వినిపించింది. దొంగలు కేబుల్ చుట్టలు అక్కడే పడేసి పారిపోయారు.

బావ మర్చిపోలేదు. ఫ్యాన్ బెల్టు మార్చడానికి దాని మీద అడ్డంగా ఉండే జాలీ ఊడదీసి, పద్ధతిగా స్విచ్ తిప్పి పెట్టుకున్నాడు. దొంగలు తోస్తే వెళ్ళి జనరేటర్ మీద పడ్డాడు. లేవబోయి బెల్టు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే నేను నొక్కాను. కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి.

ఆసుపత్రి వరండాలో అక్క నన్ను చూడగానే చెంప పగలగొట్టింది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ కొట్టింది.

"మొదటిది ఆయన చేతికి. రెండోది ఎందుకు కొట్టానో నాకే తెలీదురా," అని నా భుజం మీద పడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

బావ కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "ఏ పెట్టె కొంటున్నావు?"

"మొదటిదే బావా. స్విచ్ మాట వినేది."

"అదే ఉండుంటే సైరన్ మోగేదా?"

"మోగేది కాదు."

"నన్ను చంపేసేవాళ్ళు."

ఆయన కట్టు వైపు చూసుకున్నాడు.

"అయినా అదే కొనరా. దొంగలు ఎప్పుడో వస్తారు. మేం రోజూ చెయ్యి పెడతాం."

మర్నాడు ఆఫీసులో మొదటి పెట్టె కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టాను. ఐదు వేళ్లూ ఉన్న చేత్తో.