ఆట అడిగినోళ్లు

ఆర్మూర్ మార్కెట్ యార్డులో చెంపదెబ్బ వినపడదు. బస్తాలు పడే చప్పుడు, ట్రాక్టర్ల రొద, ధరలు అరిచే గొంతులు దాన్ని కప్పేస్తాయి. అయినా ఆ రోజు నారాయణదాస్ సేటు అడ్తి, మా పంట అమ్మిపెట్టే కమీషన్ దుకాణం, ముందు నిలబడ్డవాళ్లందరికీ వినపడింది. అందరం ఒక్కసారే తలలు దించుకున్నాం. వినపడిందనడానికి అదే సాక్ష్యం.

కొట్టింది సేటు. దెబ్బ తిన్నది సాయిప్రసాద్ అన్న. బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేస్తాడు. మా ఊరే, మా వాడకట్టే. అతను అడిగింది ఒక్క మాట.

"సేటూ, మీ కౌశిక్ మాకిస్తనన్న ఆట ఎప్పుడిస్తడు?"

"ఆట గావాల్నారా నీకు? ఇగో, ఇదే ఆట."

నేను నా కాళ్ల దగ్గర చెదిరిన పసుపు కొమ్ములను చూస్తూ నిలబడ్డాను. నా వెనక మా నాయిన గంగన్న బస్తా మూతి సుతిలి తాడు విప్పుతున్నాడు. ఆ బస్తా అంతకుముందే విప్పి ఉంది. లేని ముడి కోసం ఆయన వేళ్లు వెతుకుతూనే ఉన్నాయి. సాయిప్రసాద్ అన్న చెంప పట్టుకోలేదు. చుట్టూ చూశాడు, ఎవరైనా తనను చూస్తున్నారేమోనని. ఎవరూ చూడలేదు. ఆ చూడకపోవడమే అతన్ని రెండోసారి కొట్టింది.

ఏ ఆట కోసమంటారా? చెబుతాను.

సేటు కొడుకు కౌశిక్ హైదరాబాద్‌లో కంప్యూటర్ చదువు చదివి వచ్చాడు. ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి చేస్తానన్నాడు. దాని పేరు 'బాయికాడ', అంటే పొలం బావి దగ్గర. అందులో ఒక ఆడపిల్ల పసుపు పండిస్తుంది. పందులను తరుముతుంది, ఉడకబెట్టిన పసుపు ఆరేటప్పుడు వాన వస్తే టార్పాలిన్ పట్టుకుని పరుగెత్తుతుంది, పసుపు ఉడికించే బాయిలర్ వంతు కోసం కొట్లాడుతుంది. ఆట తయారుకాకముందే ఇంటర్నెట్‌లో జనం దగ్గర చందా అడిగాడు. బయటివాళ్లు పెద్దగా ఇవ్వలేదు. అప్పుడు తండ్రి అడ్తికి వచ్చే రైతులను అడిగాడు. తలా ఒక తట్ట పసుపు. అడ్తిలో గుడి పేరు మీద పిడికెడు పసుపు పక్కన తీసిపెట్టే అలవాటు మాకు ఎప్పటినుంచో ఉంది. అందుకే ఎవరికీ వింతగా తోచలేదు. గుడికిచ్చినట్టే ఇచ్చారు. కూలికి పోయేవాళ్లు కూడా ఫోన్లో ఎంతో కొంత పంపారు.

బదులుగా కౌశిక్ మాట ఇచ్చాడు. ఆటలో మా గొంతులుంటాయి. తయారైన రోజు అది ఏ దుకాణం గుండా పోకుండా నేరుగా మా చేతికి, మా చవక ఫోన్లలోకి వస్తుంది. గొంతులు రికార్డు చేయడానికి అతన్ని ఊరంతా తిప్పింది నేనే. డిగ్రీ చదువుతున్న పిల్లను కదా, నన్ను నమ్మారు. మా పక్క పొలం నీలవ్వ పందులను తిట్టే తిట్లు, హన్మయ్య బాయిలర్ కూత, చాటింపు వేసే అంజన్న డప్పు, అన్నీ ఆటలోకి వెళ్లాయి.

తర్వాత ఒకరోజు అందరి ఫోన్లకూ ఇంగ్లీషులో ఒక సందేశం వచ్చింది. సాయిప్రసాద్ అన్న దెబ్బ తిన్న సాయంత్రం దాన్ని కల్లంలో అందరి మధ్యా నిలబడి తెలుగులో చెప్పాను. ఏడాదిపాటు 'బాయికాడ' ఒక పెద్ద కంపెనీ ఆన్‌లైన్ దుకాణంలో మాత్రమే ఉంటుంది. ఇంకెక్కడా ఉండదు. ఆ దుకాణం మన ఫోన్లలో తెరుచుకోదు. ఖరీదైన కంప్యూటర్ కావాలి. చందా ఇచ్చినవాళ్లకు ఆ దుకాణంలో ఆట తెరిచే కోడ్ ఒకటి, తాళంచెవిలాంటిది, ఇస్తారు.

"తలుపు లేనోనికి తాళంచెవి ఇస్తడట," అన్నాడు హన్మాండ్లు. యార్డులో హమాలీ పని అతనిది. అందరూ నవ్వారు. నవ్వు తొందరగా ఆగిపోయింది.

"నాకు సమజ్ గాలే పిల్లా," అంది నీలవ్వ. "ఒక్క దుకాన్లనే ఎందుకుండాలె?"

"కంపెనోళ్లు కౌశిక్‌కు ముందే పైసలిచ్చిన్రు అత్తా. మా దగ్గర్నే పెట్టాలె, ఇంకెవ్వలకియ్యొద్దని రాయించుకున్నరు."

నీలవ్వ అంది. "అంటే సేటు మనకు ఇత్తనానికి అప్పిచ్చి, పంట నా అడ్తికే తేవాలె అంటడు గద, గట్లనా?"

"అచ్చం గట్లనే."

 నేను ఎంత వివరించినా ఎక్కనిది ఆ ఒక్క మాటతో అందరికీ ఎక్కింది. మా ఊళ్లో సేటుకు కట్టుబడని ఇల్లు తక్కువ.

"గాయింత దానికి కొట్లాటనా?" అన్నాడు హన్మయ్య. ఊరికి ఉన్న ఒకే ఒక్క బాయిలర్ అతనిది. "పొల్లగాండ్లాడే ఆట. ఇన్నోళ్లు నవ్వుతరు."

"నవ్వనీ," అన్నాడు సాయిప్రసాద్ అన్న. "చెంపదెబ్బ వడ్డంక నవ్వితే నొప్పి ఉండది. మనం ముందుగాల ఇచ్చినం. కంపెనోడు ఎనుకకెల్లి వచ్చిండు. ఆట ఎవ్వలది?"

"ఏం జేద్దామంటవ్?"

"ఆట ఇచ్చేదాక సేటు అడ్తికి ఒక్క బస్తా పోవద్దు."

"అప్పున్నోళ్ల సంగతేంది?" అన్నాడు హన్మాండ్లు.

 చేతులెత్తమంటే కొన్ని పూర్తిగా లేచాయి. కొన్ని చెవి గోక్కుంటున్నట్టు సగం దాకా లేచి అక్కడే ఆగాయి. నాది కూడా మొదట అలాంటి చేయే.

మర్నాడు పొద్దున మేం కింది మడి పసుపు తవ్వాం. పచ్చి పసుపు కుప్ప పోశాం. పచ్చి పసుపును కుప్పలో వదిలేస్తే లోపల వేడెక్కి కుళ్లుతుంది. అందుకే హన్మయ్య బాయిలర్ వంతుల ప్రకారం పొలం పొలం తిరుగుతుంది. మరుసటి రోజు వంతు మాది. వంతు తప్పితే పంట తప్పినట్టే.

మధ్యాహ్నం డప్పు వినపడింది.

మా ఊరి మీద ఒక కమిటీ ఉంది. దాన్ని ఎవరూ ఎన్నుకోలేదు, అందరూ దానికి భయపడతారు. తప్పు చేశారనుకున్న ఇంటికి దండుగ వేస్తుంది, ఊరితో మాట బంద్ చేయిస్తుంది. ఎక్కడో ఇలాంటి కమిటీల మీద కేసులయ్యాక మావాళ్లు ఒక తెలివి నేర్చుకున్నారు. చాటింపులో ఎవరి పేరూ చెప్పరు. ఎవరి గురించో ఊరికి తెలుసు కదా, పేరెందుకు?

"ఇనుండ్రో..." అంటున్నాడు అంజన్న. "ఆట అడిగినోళ్లతోని ఎవ్వలు మాట్లాడొద్దు. ఆళ్ల పొలాలకు కూలికి పోవద్దు. బాయిలర్ పోవద్దు. దుకాన్ల సామాన్ ఇయ్యొద్దు. మాట్లాడినోళ్లకు దండుగ ఉన్నదో..."

అన్ని ఇళ్ల ముందూ నడుస్తూ కొట్టాడు. మా ఇంటి ముందు ఆగి కొట్టాడు. ఆగమని చెప్పి పంపినట్టున్నారు. అతను మా వైపు చూడలేదు. డప్పునే చూస్తూ కొట్టాడు. ఆట కోసం రికార్డు చేసిన రోజు ఇదే డప్పు మీద ఎంత బాగా వాయించాడని! 

నూనె కోసం లక్ష్మీనర్సమ్మ కిరాణా కొట్టుకు వెళ్లాను. ఆమె అలవాటుగా ప్యాకెట్ తీసింది. నా ముఖం చూసి మళ్లీ పైన పెట్టేసింది.  తిరిగి వస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినపడింది. మనిషిని ఎవరూ పలకరించనప్పుడు తన శరీరమే తనతో మాట్లాడడం మొదలుపెడుతుందని ఆ రోజు తెలిసింది. 

మాతో మాట్లాడొద్దని ఊరికి చెప్పారు. మాలో మేం మాట్లాడుకోవద్దని ఎవరూ చెప్పలేదు. అయినా ఇంట్లో మేం గుసగుసలాడుతున్నాం. అన్నం పెట్టేటప్పుడు అమ్మ గంటె చప్పుడు కాకుండా పెట్టింది.

"పోయి సేటు కాళ్ల మీద పడుదాం పా," అంది నాయినతో. "గా ఆట లేకుంటే మనం సస్తమా?"

నాయిన నావైపు చూశాడు. అందులో కోపమున్నా బాగుండేది. 'నువ్వు చెప్పు, ఏం చేద్దాం' అన్న చూపు అది. నేను తిప్పిన ఊరు, నేను పట్టిన గొంతులు, నా వల్ల కుప్పలో కుళ్లబోతున్న పసుపు.

కౌశిక్ ఫోన్ చేశాడు. "యమునా, కమిటీ ముచ్చట నాకెరుక లేదు. నాన్న చెప్పిండంట. నేను సంతకం పెట్టిన, ఎనుకకు పోతే కంపెనీ కేసు వేస్తది. నాకు మస్తు భయమైతుంది."

"నీకు భయమైతే మా పొలానికి బాయిలర్ బంద్ జేస్తరా?"

అటువైపు ఊపిరి మాత్రమే వినపడింది. అది నా ఊపిరిలాగే ఉంది. వింటూ ఉంటే నాకు జాలి కలిగేలా ఉంది. ఫోన్ పెట్టేశాను.

తెల్లారి పొలానికి పోయి కుప్ప లోపలికి చేయి పెట్టాను. వెచ్చగా తగిలింది. జ్వరమొచ్చిన ఒంట్లో చేయి పెట్టినట్టు. నాయిన కూడా పెట్టి చూశాడు. ఇద్దరం చేతులు తుడుచుకున్నాం.

పక్క పొలం గట్టు మీద నీలవ్వ నిలబడి ఉంది. చాలాసేపు నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  చివరికి మమ్మల్ని చూడకుండా, కుప్పతో మాట్లాడుతున్నట్టు అంది.

"డప్పుల ఏమన్నరు? ఎవ్వలతోని మాట్లాడొద్దన్నరు?"

"ఆట అడిగినోళ్లతోని," అన్నాను.

"నేను సుత అడిగిన గద పిల్లా. మరి నాతోని నువ్వెట్ల మాట్లాడుతున్నవ్?"

నాకు అర్థం కాలేదు. ఆమె వేళ్లు మడిచి లెక్క చూసుకుంటున్నట్టు మెల్లగా అంది. "ఆట అడిగినోళ్లతోని అడగనోళ్లు మాట్లాడొద్దు. గంతే గద? అడిగినోళ్లు, అడిగినోళ్లు మాట్లాడుకుంటె కమిటీకేం కడుపునొప్పి?"

నాయిన నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. పేర్లు చెప్పడానికి భయపడి కమిటీ ఎంత పెద్ద తలుపు తెరిచి పెట్టిందో అప్పుడు చూశాం. కానీ తలుపు ఉండడం వేరు, దాటడం వేరు.

అదే సమయానికి హన్మయ్య ట్రాక్టర్ బాయిలర్‌ను లాక్కుంటూ బాట మీద వచ్చింది. మా వంతు దాటవేసి ఇంకొకరి పొలానికి పోతున్నాడు. తల వంచుకుని తోలుతున్నాడు. నీలవ్వ గట్టు మీంచి పందులను తరిమే గొంతుతో కేకేసింది.

"ఓ హన్మయ్యా! నువ్వు ఆట అడిగినవా, అడగలేదా?"

ట్రాక్టర్ ఆగింది. ఇంజను కొట్టుకుంటూనే ఉంది. హన్మయ్య మెడ తిప్పకుండానే అన్నాడు. 

"నన్ను గుంజకు అక్కా. నాకు సేటు అప్పున్నది."

"అడగలే అను. పో. నేనేమన."

అతని పెదవులు కదిలాయి. ఇంజను రొదలో ఏమీ వినపడలేదు.

"ఇనవడలే!" అంది నీలవ్వ.

హన్మయ్య ఇంజను ఆపాడు. ఒక్కసారిగా పొలమంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని చూసి జడుసుకున్నవాడిలా ముందు వెనక చూశాడు. తర్వాత అన్నాడు.

"అడిగిన. నా బాయిలర్ కూత అండ్ల ఉన్నది. నా మనుమరాలికి వినిపిస్తనన్న. నేను సుత అడిగిన."

బాయిలర్ మా మడిలోకి దిగింది. ఆవిరి లేచింది. పొలాల్లో దానంత దాచలేని సంగతి ఇంకొకటి లేదు. ఊరంతా చూసింది. ముందు హన్మాండ్లు వచ్చాడు, "నేను సుత అడిగినోన్నే, గంపలందియ్యున్రి" అంటూ. లక్ష్మీనర్సమ్మ వచ్చి గట్టు మీద నూనె ప్యాకెట్ పెట్టి, "నా బిడ్డ ఆట అడిగింది, నేనడిగినట్టే" అని, వెంటనే వెనక్కి తిరిగి ఇంచుమించు పరుగెత్తింది. వచ్చినవాళ్లలో ఎవరూ ధైర్యవంతుల్లా లేరు. దొంగతనానికి వచ్చినట్టు వచ్చారు. కానీ వచ్చారు.

పొద్దు వాలేటప్పుడు అంజన్న డప్పుతో వచ్చాడు. అందరం బిగుసుకుపోయాం.

"కమిటోళ్లు మల్ల కొట్టమంటున్నరు," అన్నాడు. "పేర్లు చెప్పి కొట్టున్రి అంటె, వద్దు, కేసైతదంటున్నరు. గీ డప్పు గూడ ఆటల ఉన్నదాయె. నేనెవ్వలతోని మాట్లాడాలె, మీరే చెప్పున్రి."

"మాతోని మాట్లాడు," అంది నీలవ్వ. "చాయ్ తాగు."

పసుపు ఎండింది, పాలిష్ అయింది. కమిటీ దండుగలు వేసింది. ఎవరూ కట్టలేదు. ఎవరూ నిద్ర కూడా సరిగా పోలేదు. ఒక పొద్దున ట్రాక్టర్లన్నీ వరుసగా ఆర్మూర్ యార్డుకు చేరి నారాయణదాస్ అడ్తి ముందు ఆగాయి. బస్తాలు దించలేదు. మేమే దిగాం. హమాలీలు కొక్కేలు భుజాన వేసుకుని మా పక్కన నిలబడ్డారు.

సాయిప్రసాద్ అన్న పోయి, ఆ రోజు దెబ్బ తిన్న చోటే నిలబడ్డాడు.  గుమ్మంలో కౌశిక్ కనపడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. అతని వెనక నుంచి సేటు బయటికి వచ్చాడు.

"మల్ల వచ్చినవా? ఎవడ్రా ఆట అడిగేటోడు?"

సాయిప్రసాద్ అన్న పెదవులు విడివడ్డాయి. నాకు తల దించుకోవాలనిపించింది. మెడ దానంతట అదే వంగబోయింది. దాన్ని అక్కడే ఆపడం, నేను జీవితంలో చేసిన అన్నిటికంటే బరువైన పని.

"నేను," అన్నాను. నా గొంతు సన్నగా, ఎవరిదో అన్నట్టు వచ్చింది.

"నేను సుత," అన్నాడు నా వెనక నుంచి మా నాయిన. ఆయన చేతులు ఈసారి బస్తా మీద లేవు.

"నేను." అది నీలవ్వ. "నేను." హన్మయ్య. "నేను సేటూ," హన్మాండ్లు. ఆ తర్వాత ఎవరు ఎవరో తెలియలేదు. మా ఊరివాళ్లు కానివాళ్లు, ఎప్పుడో ఒక తట్ట పసుపు ఇచ్చి మరచిపోయినవాళ్లు, ముప్కాల్ నుంచి వచ్చినవాళ్లు, పక్క అడ్తిల ముందు నిలబడ్డవాళ్లు కూడా అంటున్నారు. వణుకుతున్న గొంతులే. ఒక్కటి కూడా గట్టిగా లేదు. అన్నీ కలిసి యార్డు చప్పుడును కప్పేశాయి.

సేటు చేయి పైకి లేచింది. లేచి అక్కడే ఉండిపోయింది. ఎవరి చెంప మీద దించాలో దానికి తెలియలేదు.