కోటిరత్నం దగ్గు

ఆ ఫ్యాన్లు ఎవరు పెట్టమన్నారో గాని ఒక్కొక్కటి మనిషెత్తుంది, నాలుగింటినీ స్టేజీ ముందు పోసిన ఎండుమిరపకాయల కుప్ప వైపే తిప్పి పెట్టారు, ఇంట్లో పోపులో రెండు కాయలు మాడితేనే వీధి చివరిదాకా తుమ్ములు కదా, గుంటూరులో పుట్టినవాడెవడైనా ఎండుకాయల మీదికి ఫ్యాను తిప్పుతాడా, ఈ చైతన్యకృష్ణ తిప్పుతాడు, ఈవెంట్ మేనేజరట, మెడలో ట్యాగు, నడుముకి వాకీటాకీ, అంకుల్ ఇది కాన్సెప్ట్ అంటాడు, ఎరుపు గాల్లో తేలాలి అంటాడు, ముప్పై ఏళ్ళు మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తాగా కాటా దగ్గర కూర్చున్నవాణ్ణి, నాకు ఎరుపు గురించి చెబుతున్నాడు, సరే తేలనీ, నాకేం, నేను ఆరులోపు ఒక మాట చెప్పాలి, ఇప్పుడు నాలుగున్నర, వద్దు అని రెండక్షరాలు, ఫోను చేతిలోనే ఉంది, పొద్దున్నుంచీ కొట్టలేకపోతున్నాను, ఆ కోపం ఒకటి వీటికి తోడు, ఎండ మోకాళ్ళ మీదికి వస్తే సౌండు మనిషి కరీముల్లా నా కుర్చీని నాతో సహా అడుగు వెనక్కి, స్పీకర్ల నీడలోకి లాగి వెళ్ళిపోయాడు, ఈ గ్రౌండు మొత్తంలో బుద్ధున్న మనిషి అతనొక్కడే.

నిన్న టీ గిన్నె దించుతూ చెప్పింది హారిక, నాన్నా, రేపు చివర్లో అమ్మ దగ్గు వేస్తున్నాను, పాట వేస్తున్నాను అన్నంత మామూలుగా, అమ్మ దగ్గు వేయడమేమిటే అన్నాను, నా దగ్గర రికార్డు ఉంది నాన్నా, నాలుగేళ్ళుగా దాచుకున్నాను, ఇప్పటికి దాని మీద బీటు కట్టగలిగాను, విను అని హెడ్‌ఫోన్లు చాపింది, నేను తోసేశాను, కిందపడ్డాయి, పుట్టి బుద్ధెరిగాక నేను ఏ వస్తువునీ అలా తోసిన గుర్తు లేదు, తను వంగి తీసుకుని, నువ్వు వద్దంటే వెయ్యను, ఒట్టు, ఆరుకి స్టేజీ ఎక్కేలోపు ఒక్క మెసేజ్ పెట్టు అంది, ఎంత మర్యాద, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో మంచం మీదున్న తల్లి ముందు ఫోను పట్టుకుని నిలబడే ఉంటావు, అప్పుడు ఏమైందమ్మా ఈ మర్యాద, అని అడగలేదు నేను, పోయిన నా భార్య కోటిరత్నం ఎలాంటి మనిషి, నా ఇంట్లో పదకొండేళ్ళు జబ్బు మోసి ఒక్కనాడూ నలుగురి ముందు దగ్గలేదు, ఊపిరి అందక భుజాలు ఎగిరిపడుతున్నా కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది, తిరిగొచ్చి కళ్ళు తుడుచుకుంటూ ఏం కూర చెయ్యమంటారు అనేది, అంత గుట్టుగా బతికిన మనిషి దగ్గుని నాలుగు వేల మందికి వినిపించి చప్పట్లు కొట్టించుకుంటుందట కూతురు, చప్పట్లు అలవాటైపోయాయి దానికి, ఇంటర్‌లో సెకండ్ హ్యాండ్ కీబోర్డు కొనిపెట్టింది నేనే, ఆ కీబోర్డు వదిలి కంప్యూటరు పట్టింది, గేటు కిర్రుమన్నా కుక్కరు కూసినా అన్నీ దాన్లో పోసి సంగీతం అనేది, నేను నవ్వేవాణ్ణి, కొత్తపట్నం బీచిలో ఎవరో పిలిస్తే పాతిక మంది ముందు మొదటి ప్రోగ్రాం చేసింది, ఆ రోజు ఇసుక గాలి కొడుతుంటే అమ్మ పాత చీరముక్క ముఖానికి చుట్టుకుంది, కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా, వాళ్ళమ్మ పనిచేసిన షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు చుట్టుకున్నట్టే, జనం వెర్రెత్తిపోయారట, అంతే, అక్కడినుంచి హారిక పోయి ముచ్చిక వచ్చింది, ముచ్చిక అంటే కాయకుండే తొడిమ, తుంచి పారేసేది, పేరు పెట్టుకోవడానికి లోకంలో ఇంకేమీ దొరకలేదు, స్టేజీ మీద ముచ్చిక మాట్లాడదు, ముఖం చూపించదు, తల్లి చీర కట్టి గొంతుక్కూర్చుని చేటలో కాయలు పోసుకుని ఒక్కొక్క ముచ్చికా తుంచుతుంది, చేటకి అతికించిన మైకులో ఆ టిక్కుమనే చప్పుడు పడుతుంది, యంత్రం దాన్ని పట్టుకుని మళ్ళీ అంటుంది, మళ్ళీ అంటుంది, కాసేపటికి మూడొందల మంది ఆడవాళ్ళు ఒక్కసారి తుంచుతున్నట్టుంటుంది, అబద్ధమెందుకు, మొదటిసారి వీడియోలో చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, హైదరాబాదు, బెంగుళూరు, ఏదో చలిదేశం, పేపర్లో ఎవరీ ముచ్చిక అని అరపేజీ, పక్కింటివాళ్ళు అమ్మాయి ఏం చేస్తోందండీ అంటే కంప్యూటర్లు అంటాను, ఇవాళ మొదటిసారి సొంత ఊళ్ళో ప్రోగ్రాం, అప్పుడే గేటు దగ్గర పిల్లలు మూతులకి ఎర్రగుడ్డలు కట్టుకుని సెల్ఫీలు దిగుతున్నారు, కోటిరత్నం ఆ గుడ్డ కట్టింది సెల్ఫీకి కాదురా నాయనా, ఊపిరికి, వేషం వేసుకుని పొట్టపోసుకుంటే పోసుకుంది, చీర తీసుకుంది ఊరుకున్నాను, చేట తీసుకుంది ఊరుకున్నాను, దగ్గు మాత్రం నేనివ్వను.

వేసేశారు, ఫ్యాన్లు నిజంగానే వేసేశారు, ఒకసారి వేసి చూద్దాం అన్నాడు చైతన్యకృష్ణ వాకీటాకీలో, కుప్ప మీదనుంచి ఎర్రటి పొర లేచి రెండు క్షణాలు అందంగానే ఉంది, మూడో క్షణానికి లైట్లవాడు నిచ్చెన మీద ఆగకుండా తుమ్ముతున్నాడు, గేటు దగ్గరి ఎర్రగుడ్డల పిల్లలు గుడ్డలు పీకేసి నీళ్ళ కోసం పరుగు, చైతన్యకృష్ణ రెండు చేతులతో కళ్ళు నలుపుకుని ఇంకా చెడగొట్టుకుని అమ్మో అంటూ గుండ్రంగా తిరుగుతున్నాడు, ఆపండ్రా, ఒరేయ్ ఫ్యాన్లు ఆపండ్రా అని కరీముల్లా అరుపు, నాకూ గొంతులో సూదులు గుచ్చుకున్నాయి గాని లోపల ఎక్కడో హాయిగా ఉంది, తేలిందిగా బాబూ నీ ఎరుపు, ముందు వరుసలో షెడ్డు ఆడవాళ్ళు ముప్పై మంది, హారిక ప్రత్యేకంగా పిలిపించినవాళ్ళు, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ముప్పై కొంగులు ఒక్కసారి ముక్కుల మీదికి వెళ్ళాయి, ఒక్కరూ లేవలేదు, కొంగుల వెనకనుంచి నవ్వుతున్నారు, నలపకు అబ్బాయ్, నలిపేకొద్దీ ఎక్కుద్ది అని ఒకామె లేచి వెళ్ళి సీసాలో నీళ్ళతో తన కొంగే తడిపి ఆ ట్యాగు మనిషి కళ్ళు అద్దింది, ఎవరోనని చూస్తే వెంకటరావమ్మ, కోటిరత్నం పక్కనే ఇరవై ఏళ్ళు కూర్చుని ముచ్చికలు తీసిన వెంకటరావమ్మ, నన్ను చూసి ఇటే వస్తోంది.

ఏం గుమస్తాగారూ, ముందర కాటా లేకపోయేసరికి ఆనవాలు పట్టలేకపోయా, బాగున్నారా, చిక్కిపోయారు, ఆ ట్యాగు పిల్లోడు మీకు కాబోయే అల్లుడైతే కాదు గదా, కాదమ్మా అన్నాను, బతికించారు అని పక్క కుర్చీలో కూలబడి, కోటిరత్నం ఉంటే ఈ పాటికి పాట కట్టేసేదండీ అంది, పాటేమిటి అన్నాను, దగ్గుపాట, మీకు తెలవదా, ఘాటెక్కిన రోజున దానికి దగ్గొస్తే ఆపుకునేది కాదు, మూడుసార్లు ఖల్లు ఖల్లు ఖల్లుమని దగ్గి నాలుగోదానికి గంపని అరచేత్తో ఒక్కటిచ్చేది, ఆ దెబ్బకి మేమందరం టిక్కుమని ముచ్చిక తుంచాల, తప్పినదానికి ఆ పూట టీ లేదు, నవ్వలేక చచ్చేవాళ్ళం, మేస్త్రి వచ్చి ఏందే ఆ గోల అంటే నీ పెళ్ళికి బాజాలు అనేది, ఆ మడిసికి అప్పటికే ముగ్గురు పిల్లలు, అంటూ వెంకటరావమ్మ నవ్వి, నవ్వు దగ్గయ్యి, తేరుకుని, మీ అమ్మాయి క్యారేజీ తెచ్చిన రోజున అదంతా ఫోనులో పట్టింది గదా, వాళ్ళమ్మ చేత మూడు మాట్లు చేయించింది, నా దగ్గు కూడా పట్టవే అంటే నీది తాళంలో లేదు పిన్నీ అంది, పొగరండీ మీ పిల్లకి, ఇయ్యాల అదే వినిపిస్తదంటగా, అందుకేగా మేమంతా కూలి మానుకుని వచ్చింది, అంది, మంచం మీదున్నప్పుడు కాదా, షెడ్డులోనా అన్నాను, షెడ్డులో కాక ఇంకెక్కడండీ, మరి ఇంట్లో ఎప్పుడూ దగ్గేది కాదే అన్నాను, నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినబడింది, వెంకటరావమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది, ఇంటికొచ్చే ముందు పంపు కాడ కూచుని ఉన్నదంతా దగ్గేసుకుని వచ్చేదండీ, అరగంట, ఒక్కోసారి ఎక్కువే, నేనే వీపు రాసేదాన్ని, ఇంటికెళ్ళి దగ్గుకోవే అంటే మా ఆయన మెత్తని మనిషే, వింటే అన్నం తినడు అనేది.

మెత్తని మనిషి, అవును, జబ్బు మొదలైన సంవత్సరం ఒక రాత్రి దగ్గింది, నేను లేచి వేణ్ణీళ్ళు పెట్టి తెల్లారేదాకా పక్కన కూర్చున్నాను, మర్నాడు నిజంగానే అన్నం తినలేదు, ఆ పని మానెయ్యి కోటిరత్నం అన్నాను, చూద్దాంలెండి అంది, వారం తిరిగేసరికి దగ్గు లేదు, తగ్గిందని సంతోషించాను, షెడ్డుకి వెళ్తూనే ఉన్న మనిషికి ఎలా తగ్గిందని అడగలేదు, కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిన మనిషి వెనకాల ఒక్కసారీ వెళ్ళలేదు, అక్కడ నిలబడి వెళ్ళనియ్యడాన్ని మర్యాద అనుకున్నాను, షెడ్డు విన్నది, పంపు దగ్గరివాళ్ళు విన్నారు, మేస్త్రి విన్నాడు, ఇంటర్ చదివే పిల్ల విని ఫోనులో పట్టుకుంది, రోడ్డుకి ఇవతల కాటా గదిలో మెషీన్ల హోరులో కూర్చున్న నేనొక్కణ్ణే వినలేదు, నిన్నటినుంచి నేను కోటిరత్నం గుట్టు అంటున్నది ఎవరి గుట్టు, ఆమెకి ఊరంతటి ముందు దగ్గడానికి సిగ్గు లేదు, దగ్గి నవ్వించింది, ఇల్లు ఒక్కటే నిశ్శబ్దంగా ఉంచింది, నా కోసం, ఆ నిశ్శబ్దంలో నేను పదకొండేళ్ళు కంచం ముందు కూర్చుని కూర బాగుందన్నాను, నాకు అది హాయిగా ఉండేది, ఇదిగో ఇది, ఇంతసేపూ అందరి మీదా పడి తిరిగి తిరిగి చివరికి ఇక్కడికొచ్చి కూర్చుంది, నాకు వినకపోవడం హాయిగా ఉండేది, ఇవాళ కూడా ఆ హాయి కోసమే వద్దు అనబోయాను, అయిదూ ముప్పావు అయింది, కరీముల్లా కుర్రాళ్ళ చేత కుప్ప మీద తడి పరదా కప్పిస్తున్నాడు, వెంకటరావమ్మ తనవాళ్ళ దగ్గరికి వెళ్ళింది, అక్షరాలు రెండుసార్లు తప్పు పడ్డాయి, దిద్ది పంపాను, వెయ్యమ్మా, నేనింతవరకు వినలేదు, బాగా పెద్దగా పెట్టు.