రాజమాత గొంతు

"బాతుతో పోట్లాడే సీను వచ్చినప్పుడు నన్నోసారి గిల్లు. నిద్రపోయినా పోతాను," అన్నాడు డెట్లెఫ్, భార్య ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. ఆ మధ్యాహ్నం బెర్లిన్‌లో ఆమె నటించిన సినిమా మొదటి ఆట. ఆన్నెగ్రెట్ నవ్వింది. అతని మాటలకి నవ్వడం కూడా ఎప్పుడో ఇంటిపనుల్లో కలిసిపోయింది.

ఆమె తండ్రి ఘనా నుంచి జర్మనీకి చదువుకి వచ్చినవాడు. తల్లి కాసెల్ ఊళ్ళో రొట్టెల కొట్టువాళ్ళ పిల్ల. ఆన్నెగ్రెట్ పుట్టిందీ పెరిగిందీ ఆ కొట్టు వెనకే. నటిగా ముప్పయ్యేళ్ళు తెరమీద నేలలు తుడిచింది, శరణార్థిగా పడవలు దిగింది, ఆసుపత్రుల్లో దుప్పట్లు సర్దింది. రాజుల కాలం కథలైతే పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. అందుకే దర్శకుడు లెన్నార్ట్ ఫోన్ చేసి, "మా ప్రష్యా రాజమాతవి నువ్వే. బాతుని ప్రధానమంత్రిని చేస్తావు. నువ్వు నల్లగా ఎందుకున్నావని సినిమా మొత్తంలో ఒక్కడూ అడగడు, అదే తమాషా!" అన్నప్పుడు, ఆమె వంటింట్లో నేలమీదే కూలబడిపోయింది. సాయంత్రం ఆ కబురు చెబితే డెట్లెఫ్ అన్నాడు: "ఈ రోజుల్లో మీవాళ్ళకి బాగానే నడుస్తోందిలే." మీవాళ్ళంటే ఎవరు, కాసెల్ వాళ్ళా అని అడగాలనిపించింది. ఇంకో బంగాళాదుంప అందుకుని తొక్క తీసింది.

స్టూడియోలో మేకప్ వాళ్ళకి ఆమె జుట్టు సర్దడం చేతకాలేదు. తెల్లవారకుండా లేచి తనే అల్లుకునేది, తన రంగు పౌడరు తనే మోసుకెళ్ళేది. అది కూడా పనేనని ఎవరికీ తోచలేదు. చివరి వారం లెన్నార్ట్ దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు.

"బాతుతో మాట్లాడేటప్పుడు కాస్త యాస పెట్టవా? వచ్చీరాని జర్మన్. జనం పడీపడీ నవ్వుతారు."

"నాకు కాసెల్ యాస తప్ప ఇంకోటి రాదు, లెన్నార్ట్."

అందరూ నవ్వారు. ఆమె మాత్రం ప్రతి మాటా రాజమాతలాగే పలికింది. "సరేలే," అన్నాడతను.

ఇప్పుడు హాలు నిండిపోయింది. అటుపక్క డెట్లెఫ్, ఇటుపక్క అత్తగారు వాల్‌ట్రౌట్. తెరమీద రాజమాత కిరీటం సర్దుకుని బాతు వైపు వంగింది, నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఇంకెవరిదో గొంతు వచ్చింది. మాటలు విరుస్తూ, క్రియలు మింగుతూ. హాలంతా గొల్లుమంది. ఆన్నెగ్రెట్ చేయి దానంతటదే పెదవుల మీదికి వెళ్ళింది. మొగుడి వైపు చూసింది. ఇన్నేళ్ళు రోజూ పొద్దున్నే తన గొంతుతో నిద్రలేచిన మనిషి. అతను కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

అత్తగారు ఆమె చేయి నిమిరింది. "అమ్మాయ్, నీ మాట ఎంత సహజంగా ఉందే!"

ఆట అయ్యాక లెన్నార్ట్ వేదిక మీదికి పిలిచాడు. "మన రాజమాత! అందరికీ చోటున్న సినిమా ఇది. దాని గురించి రెండు ముక్కలు చెప్పు."

ఆమె మైకు తీసుకుంది.

"సినిమాలో మీరు విన్న గొంతు నాది కాదు. దాన్ని పెడుతున్నట్టు నాకెవరూ చెప్పలేదు," అంది, కొట్టులో అమ్మమ్మ మాట్లాడే అచ్చమైన కాసెల్ మాటలో. "ఇది నా గొంతు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో దగ్గారు. ఎవరో అదీ హాస్యమే అనుకుని నవ్వి, మధ్యలో ఆపేశారు. ఆమె వేదిక దిగి వచ్చి కోటు అందుకుంది.

డెట్లెఫ్ గొంతు తగ్గించాడు. "అంతమందిలో నా పరువు తీశావు. ఎక్కడికిప్పుడు? విందు ఉంది. అమ్మని ఇంటికెవరు దింపుతారు?"

ఆన్నెగ్రెట్ కోటు బొత్తాలు నింపాదిగా పెట్టుకుంది.

"మీ అమ్మే కదా. నువ్వు దింపు."