విమానం బొమ్మ మీద చదివింపులు

సత్యనారాయణమ్మకు కంప్యూటరు గురించి తెలిసినవి రెండే సంగతులు. కూతురి సైటులో పక్కన కనబడే ప్రకటనను ఎవరైనా నొక్కితే ఆ పిల్లకి డబ్బులు పడతాయి. ఇంట్లోవాళ్లు మాత్రం నొక్కకూడదు, అది దొంగతనం. రెండూ కూతురు సత్యశ్రీ చెప్పినవే. రెండింటినీ ఆమె గట్టిగా గుర్తుపెట్టుకుంది.

సత్యశ్రీ రాజోలు బస్టాండు దగ్గర జోజి గారి నెట్ సెంటరులో పనిచేసేది. జనం పలచబడ్డాక అక్కడే కూర్చుని తన సైటు రాసుకునేది. అందులో ఉన్నవన్నీ తల్లి వంటలే. చింతచిగురు రొయ్యలు, మామిడికాయ వేసిన మెత్తళ్లు, పులస పులుసు. తల్లి తెలుగులో చెబితే కూతురు ఇంగ్లీషులో రాసేది.

"ఉప్పు ఎంతమ్మా?"

"సరిపడా."

"సరిపడా అంటే వాళ్లకేం తెలుస్తుంది? చెంచాల్లో చెప్పు."

"నోట్లో వేసుకుంటే తెలీదా ఏంటి, వాళ్ల మొహం!"

ఆ వంటలు ఎక్కువగా చదివేది గల్ఫులో ఉన్న మనవాళ్లేనని సత్యశ్రీ చెప్పేది. అందుకేనేమో, ప్రకటనల్లో ఎప్పుడు చూసినా విమానం టిక్కెట్ల బొమ్మే ఉండేది.

సత్యశ్రీ భర్త రాజేంద్ర చేపల వేటకు వెళ్లిన బోటు, గోదావరి సముద్రంలో కలిసే మొగలో తిరగబడి, అతను పోయి మూడేళ్లయింది. నాలుగేళ్ల పాప. నెట్ సెంటరు జీతం బస్సు ఛార్జీలకూ పాలకూ సరిపోయేది. ఆ ఏడాది వానలు మొదలయ్యేసరికి రాఘవులు అనే ఏజెంటు కువైట్‌లో ఇంటిపని వీసా ఉందని వచ్చాడు. రెండేళ్లు ఉండాలి. పాపను తీసుకెళ్లడం కుదరదు.

"ఒకటో తారీకుకి పాస్‌పోర్టు ఇవ్వాలమ్మా. ఈలోగా కాకినాడ వెళ్లి వైద్యపరీక్షలు చేయించుకుంటే మంచిది. మీ వెనకాల చాలామంది ఉన్నారు మరి," అన్నాడు.

ఆయన వెళ్లాక సత్యశ్రీ తల్లి పక్కన చతికిలబడింది. "నూరు డాలర్లు నిండితే ప్రకటనల కంపెనీ చెక్కు పంపిస్తుందమ్మా. ఇంకా పదమూడు తక్కువ. నెలాఖరులోగా నిండిందనుకో, ఇది నడుస్తుందని నాకు ధైర్యం వస్తుంది. పాపని వదిలి వెళ్లను."

నెలాఖరు ఇంకా ఆరు రోజులుంది. సత్యనారాయణమ్మ ఆ సాయంత్రమే పొదుపు సంఘం ఆడవాళ్ల దగ్గరకు వెళ్లింది. వాళ్ల పల్లిపాలెంలో ఏ ఇంట్లో పెళ్లైనా పదో ఇరవయ్యో చదివించకుండా భోజనానికి లేచేవాళ్లు ఎవరూ లేరు. ఒకరికి ఆపదైనా అంతే, తలా ఒక చెయ్యి వేస్తారు. ఇంట్లోవాళ్లు నొక్కకూడదు. మరి ఊరివాళ్లు?

సత్యశ్రీ కాకినాడ వెళ్లిన రోజున పదకొండు మంది ఆడవాళ్లు రెండు ఆటోల్లో రాజోలు చేరారు.

"మా పిల్ల రాసింది మావాళ్లకి చూపిద్దామనండీ," అంది సత్యనారాయణమ్మ.

"ఆయ్, దానికేముందండీ. చూడండి," అని జోజి ఒక కంప్యూటరులో సైటు తెరిచి టీకి వెళ్లాడు.

మోకాళ్లు పట్టుకుంటూ వదిన కామాక్షి ముందు కుర్చీలో కూర్చుంది. పెళ్లిపందిట్లో చదివింపులు రాసేవాడిలా గొంతు సవరించుకుంది. "కామాక్షి గారు చదివించినది ఒకటీ!" అని విమానం బొమ్మ మీద నొక్కింది. అందరూ పకపకా నవ్వారు.

"మీ ఆయన పేరు మీద కూడా నొక్కవే. బతికుండగా ఎవరికీ రూపాయి చదివించలేదు," అంది వెనకనుంచి ఒకావిడ.

"అలాగైతే రెండు నొక్కుతాను. పాపం పోతుంది."

మనవల పేర్లు, అల్లుళ్ల పేర్లు, దుబాయిలో ఉన్న తమ్ముళ్ల పేర్లు అన్నీ అయ్యాయి. సత్యనారాయణమ్మ మాత్రం రెండు చేతులూ కొంగు కింద దాచుకుని దూరంగా కూర్చుంది.

"నువ్వూ ఒకటి నొక్కు వదినా," అంది కామాక్షి.

"అమ్మో! పెళ్లి చేసేవాళ్లు తమకి తామే చదివించుకుంటారా ఎక్కడైనా?"

మర్నాడు సత్యశ్రీ గుమ్మంలోంచే కేక వేసింది. "అమ్మా! నూరు దాటింది. నూట నాలుగు!" పాపను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. అప్పటికప్పుడు రాఘవులుకు ఫోను చేసి, "నేను రానండీ, ఏమనుకోకండి," అంది. చేసిన మేలు చెప్పుకోవడం బాగుండదని సత్యనారాయణమ్మ నోరు మెదపలేదు. ఆ పూట రొయ్యలు వండింది. తనూ కూతురి చేత రెండోసారి అన్నం పెట్టించుకుంది.

మూడో రోజు మధ్యాహ్నమే సత్యశ్రీ ఇంటికి వచ్చేసింది. చెప్పులు విప్పకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

"కంపెనీ నా ఖాతా మూసేసిందమ్మా."

"డబ్బులో?"

"లేవు. ప్రకటనలిచ్చినవాళ్లకి తిరిగి ఇచ్చేస్తారంట. ఒకే కంప్యూటరు నుంచి గంటలో అరవైసార్లు నొక్కేరంట. నేనే నొక్కించుకున్నానని వాళ్ల అనుమానం. బతిమాలుతూ రాసేను. నా పేరు మీద ఇంకెప్పుడూ ఖాతా ఇవ్వం అన్నారు."

సత్యనారాయణమ్మ పీట మీద కూలబడింది.

"నేను నొక్కలేదే తల్లీ. నీ మీద ఒట్టు, చెయ్యి కూడా పెట్టలేదు. మనోళ్ల చేత… చదివింపుల్లాగ…"

సత్యశ్రీ చెప్పులు విప్పి తల్లి ఎదురుగా కూర్చుంది. కోపం వస్తుందని తల్లి ఎదురుచూసింది. వస్తే బాగుండుననుకుంది.

"ఎంతమంది వచ్చేరు?"

"పదకొండు మంది."

"కామాక్షి అత్త కూడానా? ఆ మోకాళ్లతోనా?"

"అందరికంటే ముందు ఆవిడే."

అప్పుడు సత్యశ్రీ తల్లి ఒళ్లో ముఖం దాచుకుని ఏడ్చింది. పాప వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

వీసా ఇంకా ఎవరికీ ఇవ్వలేదని రాఘవులు చెప్పాడు. ఒకటో తారీకున సత్యశ్రీ ఆయనకు పాస్‌పోర్టు ఇచ్చేసింది.

సత్యశ్రీ విమానం కోసం హైదరాబాదు బస్సు ఎక్కే రోజున ఆ పదకొండు మందీ రాజోలు బస్టాండుకు వచ్చారు. సున్నుండలు, ఎండు మెత్తళ్లు, ఆవకాయ జాడీ. జరిగింది వాళ్లకు చెప్పడానికి సత్యనారాయణమ్మకు నోరు రాలేదు. కామాక్షి పాపను చంకనెత్తుకుని సత్యశ్రీ చెయ్యి పట్టుకుంది.

"మేం చదివించినవి అందేయా అమ్మా? మీ అమ్మని అడిగితే ఏమీ చెప్పదు."

సత్యశ్రీ ఒక్క క్షణం తల్లివైపు చూసింది.

"అందేయి అత్తా. అందరివీ అందేయి."

"మరెందుకే వెళ్లడం?"

"పాపకి ఇంకా కావాలి కదత్తా."

"అంతేలే. నువ్వు రా, మళ్లీ నొక్కుతాం," అంది కామాక్షి కళ్లు తుడుచుకుంటూ.

బస్సు కదిలింది. కిటికీలోంచి సత్యశ్రీ చెయ్యి ఊపింది. కామాక్షి చంకలో పాప ఊపింది, ఆడవాళ్లంతా ఊపారు. సత్యనారాయణమ్మ చేతులు మాత్రం కొంగు కిందనే ఉండిపోయాయి.