రెండో శనివారం

మునిశేఖర్ బ్రష్షు నోట్లో పెట్టుకునే వచ్చి కంప్యూటర్ ముందు నిలబడ్డాడు. డెబ్బై ఎనిమిది శాతం. రాత్రి పడుకునే ముందు చూసినప్పుడు యాభై తొమ్మిది. కేబినెట్ పక్కరేకు విప్పేసి ఆరేళ్ళయింది. లోపలి తీగలూ, తీగల మీది దుమ్మూ బయటికి కనిపిస్తుంటాయి. ఎదురుగా స్టూలు మీద టేబుల్ ఫ్యాను దాని కడుపులోకి గాలి కొడుతోంది. ఆ ఫ్యాను ఆగితే పావుగంటలో కంప్యూటర్ వేడెక్కి దానంతటదే ఆరిపోతుంది. ఆరిపోయిందంటే ఈ డెబ్బై ఎనిమిదీ గాలికి పోయినట్టే, మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఇప్పటికి నాలుగుసార్లు అలాగే అయింది.

పుత్తూరు బజారులో కుట్టుమిషన్ రేవతి అంగడి మీద, మేడపైన రెండు గదులు. ముందు గది పనికి, వెనక గది కాపురానికి. స్టూడియోల వాళ్ళు పెళ్ళిళ్ళు తీసుకొచ్చి పడేస్తే వాటిని కోసి, అతికించి, పాటలు తగిలించి ఇవ్వడం అతని పని. ఆ పనిని ఊళ్ళో మిక్సింగ్ అంటారు. ముప్పై ఏళ్ళుగా అదే. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, ఎవరు దొంగచాటుగా కళ్ళు తుడుచుకున్నారో అతనికి తెలుసు. అతనెవరో మాత్రం ఒక్క పెళ్ళికూతురికీ తెలియదు. బల్ల అంచు ఒరుసుకుని కుడి మణికట్టు దగ్గర చర్మం కాయకాసింది. వీపు కుర్చీ ఎలా వంగితే అలా వంగింది. ఇన్ని పెళ్ళిళ్ళు చూశాక తనకొకటి కావాలని ఎందుకో అతనికి తోచలేదు. తోచే వయసులో ఎవరూ అడగలేదు కూడా.

వెనక గదిలోంచి పంకజాక్షి గోడ పట్టుకుని వచ్చింది. అతని పెద్దక్క. అరవై ఆరేళ్ళు. అమ్మ పోయాక అతన్నీ, చెల్లెలు లోకేశ్వరినీ పెంచింది ఆమే. పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. గుండె కొట్టుకోవడంలో బలం లేదనీ, నీళ్ళచెంబు కూడా ఎత్తనివ్వొద్దనీ పోయిన వారం తిరుపతి డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్ళని అడిగితే, చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం అన్న తీరు మునిశేఖర్‌కి నచ్చలేదు.

"రెండు ఇడ్లీ తినేసి పోరా," అంది.

"బస్సు పోతాదక్కా."

"పోతే ఇంకోటి వస్తాది. కూసో."

కూర్చుని తిన్నాడు. ఆమె తెరవైపు చూస్తూ నిలబడింది. "ఎంతకొచ్చింది?"

"డెబ్బై తొమ్మిది. ఆ ఫ్యాను మాత్రం ఎవురూ ఆపకుండా సూసుకో. మధ్యాన్నానికి వచ్చేస్తా."

ఆ తెర వెనక నత్తనడక నడుస్తున్నది ఇరవై ఏడేళ్ళ కిందటి లోకేశ్వరి పెళ్ళి. మునిశేఖర్ సొంతంగా కెమెరా పట్టిన మొదటి పెళ్ళి. అప్పటికే పంకజాక్షి భర్త పోయి పుట్టింటికి వచ్చేసి పదిహేనేళ్ళు. పెళ్ళిపనంతా ఆమే చేసింది, పందిట్లోకి మాత్రం రాలేదు. "అక్క యాడా కనపడకుండా సూసుకోరా, మగపెండ్లివాళ్ళు సూస్తారు," అన్నాడు నాయన మునస్వామి. సరేనన్నాడు మునిశేఖర్. అక్క ఉన్న చోటల్లా కత్తిరించాడు. నలుగు పెడుతుంటే వంటింటి గడపలో నిలబడి ఆమె పాడింది. దాన్ని కత్తిరిస్తే పెళ్ళికూతురు కూడా పోతుంది కాబట్టి, అక్క ముఖం మీద గులాబీ పువ్వు తిరిగేలా పెట్టాడు. పాట వినపడకుండా సినిమా పాట వేశాడు. బాగా వచ్చిందని నాయన మెచ్చుకున్నాడు. 

ఆస్పత్రి నుంచి తిరిగొస్తూ బస్సులో అడిగింది అక్క, కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఆ పువ్వు కింద నేను ఉండానా రా, లేకపోతే నన్ను చెరిపేస్తివా?"

"ఉండావక్కా. అసలు క్యాసెట్టు అట్నే పెట్టినా."

"అయితే ఒకసారి సూపీ. నేను ఎట్లా ఉంటినో నాకే తెలీదు."

అక్క పెళ్ళి ఫోటో చెదలు తినేసింది. ఆ తర్వాత ఆమెను ఎవరూ ఫోటో తీయలేదు. ముప్పై ఏళ్ళు కెమెరాల మధ్య బతికిన తమ్ముడికి కూడా ఆ ఆలోచన రాలేదు. అసలు క్యాసెట్టును పాతకాలం కార్డుతో కంప్యూటర్‌లోకి ఎక్కించాడు గానీ, ఆ ఫైలు ఇప్పుడు ఏ ప్లేయర్‌లోనూ ఆడదు. మంచి రూపంలోకి మార్చుకోవాలి, బొమ్మ మీది మరకలు తుడవాలి. పద్నాలుగేళ్ళ నాటి ఈ కంప్యూటర్‌కి ఆ పని రెండు పగళ్ళూ రెండు రాత్రుళ్ళూ. మధ్యలో కరెంటు పోయి మూడుసార్లు, వేడెక్కి ఒకసారి ఆగింది. మొన్న పాత ఇన్వర్టరు ఒకటి తెచ్చి కంప్యూటర్‌కి తగిలించాడు. ఫ్యానుకు కూడా వైరు లాగాలి. రేపు లాగుదాంలే అనుకున్నాడు.

తిరుపతి బస్సులో పక్క సీటతను విరిగిన చేతికి పుత్తూరు కట్టు కట్టించుకుని వెళ్తున్నాడు. ఆ కట్టులోంచి కోడిగుడ్డు వాసన. మునిశేఖర్ సంచిలో హార్డ్ డిస్కు తువ్వాలులో చుట్టి ఉంది. అందులో అదే ఫైలు, అదే పాత సాఫ్ట్‌వేరు. ఎవరి మాటా నమ్మకుండా మన ఫైలుతోనే పరీక్ష పెట్టి కొత్త కంప్యూటర్ కొనాలన్నది అతని లెక్క. స్టూడియోల వాళ్ళు ఇప్పుడు తెస్తున్న పెద్ద ఫైళ్ళు తన కంప్యూటర్‌లో తెరుచుకోను కూడా తెరుచుకోవు. పని తగ్గిపోయింది. కానీ ఇవాళ అతను వెళ్తున్నది పని కోసం కాదు. ఇంటి దగ్గరిది ఐదోసారీ ఆగిపోతే ఇంకోసారికి అక్క ఉంటుందో లేదోనన్న భయంతో వెళ్తున్నాడు.

తిరుపతి కంప్యూటర్ల అంగడిలో రూపశ్రీ అనే అమ్మాయి కంప్యూటర్లు బిగిస్తుంది. జడ పైకి ముడేసుకుని, చేతిలో స్క్రూడ్రైవర్‌తో అతను చెప్పిందంతా ఓపిగ్గా విన్నది.

"ఎడిటింగా, కన్వర్షనా, ఏది ఎక్కువన్నా?"

"రెండూ."

"అయితే ప్రాసెసరు దగ్గర వెనకాడొద్దు. ర్యామ్ ముప్పై రెండు పెట్టుకో. కన్వర్షన్ తొందరగా కావాలంటే గ్రాఫిక్స్ కార్డు ఉండాల. అంతా పెట్టి పాత హార్డ్ డిస్కే తగిలించినావనుకో, దాని కాడ నిలబడిపోతాది. ఎస్ఎస్‌డీ వేసుకో."

ఇన్నేళ్ళూ అతను ఏది కొన్నా ఉన్నవాటిలో తక్కువది కొన్నాడు. ఈసారి మంచిదే చూపించమన్నాడు. షోకేసులో నడుస్తున్న కంప్యూటర్‌కి తన డిస్కు తగిలించాడు. సాఫ్ట్‌వేరు ఎక్కించి, ఫైలు పెట్టి, బటన్ నొక్కేసరికి పదకొండున్నర అయింది. ఇంకా పద్నాలుగు నిమిషాలు, అంది తెర. అతను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

బయట ఏదో గుడగుడమంటోంది. "ఏమి శబ్దం అది?" అన్నాడు.

"జనరేటరన్నా. రెండో శనివారం గదా, తొమ్మిదికే కరెంటు తీసేసినారు. రెండు దాకా రాదు."

మునిశేఖర్‌కి అప్పుడు గుర్తొచ్చింది. నెలనెలా లైన్లు బాగుచేస్తామని కరెంటు తీసేసే రోజు. పుత్తూరులోనూ అంతే. కంప్యూటర్‌ని ఇన్వర్టరు మోస్తుంది, ఫ్యాను ఆగిపోతుంది. ఊరందరికీ తెలిసిన రోజు, తనొక్కడే మరిచిపోయాడు. ఇంటికి ఫోన్ చేశాడు. చాలాసేపటికి ఎత్తింది.

"కరెంటు లేదురా," అంది అక్క. మాటకీ మాటకీ మధ్య ఊపిరి పెద్దగా వినిపిస్తోంది. "ఫ్యాను నిలిచిపోయింది. నేనే అట్టతో విసురుతా ఉండా."

"ఆపెయ్యక్కా. పోతే పోనీ. ఈడ పదైదు నిమిషాల్లో అయిపోతాది."

"ఆడ అయ్యేది ఆడ కానీ. తొంబై ఒకటి అని ఉండాది. ఇంత దూరం వచ్చినంక యాడ ఆపేది?"

"నా మాట ఇను. పోయి పండుకో."

"సరేలే. నువ్వు నిదానంగా సూసి కొనుక్కో." పెట్టేసింది.

సరేలే అంటే అక్క ఏం చేస్తుందో యాభై రెండేళ్ళుగా తెలిసినవాడు అతను. రేవతిని పైకి పంపుదామంటే ఆమె నిన్ననే తిరుమల కొండకు పోయింది. అయినా, ఇక్కడిది కాగానే చెబుదాం, అప్పుడైనా ఆపుతుంది అనుకున్నాడు.

పద్నాలుగు నిమిషాలకు సరిగ్గా పని అయిపోయింది. రూపశ్రీ ఫైలు తెరిచింది. పందిరి, పీట, పసుపు పూసుకుని లోకేశ్వరి. వెనక గడపలో తెల్ల రవికె, నీలం చీర, చేతిలో పళ్ళెం పట్టుకుని పంకజాక్షి. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి. గొంతు సన్నగా, ఎక్కడా తొణకకుండా పాడుతోంది. కెమెరా తనవైపు తిరగడం చూసింది. పాట ఆపకుండానే తమ్ముడివైపు చూసి నవ్వింది. నవ్వి, తనంతట తానే గడప పక్కకు తప్పుకుంది. పాట మాత్రం గోడ అవతలినుంచి వినిపిస్తూనే ఉంది.

ఆ నవ్వు తనను చూసి నవ్విందని అతనికి ఇన్నేళ్ళూ తెలియదు. పువ్వు పెట్టేటప్పుడు ముఖం ఎక్కడుందో కొలుచుకున్నాడు గానీ, ముఖంలో ఏముందో చూడలేదు.

"ఎవురన్నా ఆమె? భలే పాడతా ఉండాది," అంది రూపశ్రీ.

"మా యక్క," అన్నాడు. ఆ మాట బయటి మనిషితో అని ఎన్నాళ్ళయిందో.

ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. ఫోన్ ఎక్కడో పెట్టేసి పడుకుని ఉంటుంది, నా మాట విన్నదన్నమాట, అని తనకు తానే చెప్పుకున్నాడు. నమ్మాలనుకుంటే ఏదైనా నమ్మవచ్చు. గంటసేపు కూర్చుని ప్రాసెసరు, కార్డు, పవర్ సప్లై ఒక్కొక్కటే ఎంచాడు. సోమవారానికి బిగించి ఇస్తానంది రూపశ్రీ. పెళ్ళి ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చింది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, బస్సులో దారి పొడవునా జేబు మీద చెయ్యి పెట్టుకునే కూర్చున్నాడు. వడమాలపేట దగ్గర బస్సు చెడి గంటన్నర ఆగింది.

మెట్లెక్కేసరికి నాలుగు దాటింది. ముందు గదిలో ఫ్యాను తిరుగుతోంది. కరెంటు వచ్చినట్టుంది. కంప్యూటర్ పక్కనే కింద, గోడకు ఆనుకుని పంకజాక్షి కాళ్ళు చాపుకుని కూర్చుంది. గడ్డం రొమ్ముకు ఆనింది. అలిసి నిద్రపోయిందనుకుని అడుగుల చప్పుడు కాకుండా కుర్చీలో కూర్చున్నాడు.

తెర మీద చిన్న పెట్టె. వంద శాతం. పని పూర్తయింది.

ఆమె విసరడం ఆపి ఉంటే పావుగంటలో ఆరిపోయేది. ఆరిపోలేదు. అంటే తొమ్మిది నుంచి రెండు దాకా ఆ చెయ్యి ఆగలేదన్నమాట. జేబులో పెన్‌డ్రైవ్ ఉంది, తెర మీద ఈ ఫైలు ఉంది. ఇన్నేళ్ళూ ఒక్కటీ లేని అక్క బొమ్మలు ఇప్పుడు రెండు.

తన గొంతుకు తనే లేస్తుందిలే అని, ఆమె చేయించిన ఫైలునే తెరిచి సౌండు పెంచాడు. పాట గదంతా నిండింది.

"ఇప్పుడు వస్తావు సూడక్కా," అన్నాడు, తెర మీదినుంచి చూపు తిప్పకుండా. "అదో. నవ్వినావు సూడు."

తెరలో అక్క పక్కకు తప్పుకుంది. మునిశేఖర్ తిరిగి చూశాడు. ఆమె లేవలేదు. వంగి పాదం మీద చెయ్యి వేశాడు. వేలితో నొక్కినచోట గుంట పడింది. ఆ పాదం చల్లగా ఉంది. గోడ అవతలి పాట అయిపోయేదాకా అతను ఆ చెయ్యి తీయలేదు. తరువాత లేచి లోకేశ్వరికి ఫోన్ చేయడానికి వెనక గదిలోకి వెళ్ళాడు.

కేబినెట్‌కి ఎదురుగా, నేల మీద, ఎప్పటిదో మదర్‌బోర్డు పెట్టె మూత పడి ఉంది. పట్టుకున్నచోట నలిగి, చెమటకు మెత్తబడి, ఒక పక్కకు వంగిపోయిన ఆ అట్టముక్క మూల ఒకటి ఫ్యాను గాలికి లేస్తూ, పడుతూ ఉంది.