ఎదుటివారి సమ్మతి

కూతురు బ్రిట్టా కోర్టుకి వేసుకెళ్ళే నల్లకోటు అస్తరుకి మార్లిస్ మెత్తటి గుడ్డలు మడతపెట్టి కుడుతోంది. రొమ్ముపాలు కారినా పైకి తడి కనపడకూడదు. కోటు లేకుండా వచ్చిన ఆడలాయరుని జడ్జి టోస్ట్రుడ్ వెనక్కి పంపేశాడని ఊళ్ళో అందరికీ తెలుసు.

"ఆయన ముందు ఎలా మసలుకోవాలో ఇంకోసారి చెప్పు తల్లీ."

"ఎన్నిసార్లమ్మా! పరీక్ష నాకా, నీకా?" బ్రిట్టా జుట్టు ముడేసుకుంటూ నవ్వింది. "లేచి నిలబడే మాట్లాడాలి. అడక్కుండా బల్ల దాటి ముందుకి పోకూడదు. చెప్పిందే చెప్పకూడదు. విరామం కావాలంటే ముందు ఎదుటి లాయరుని బయట ఒప్పించుకోవాలి, ఆ తర్వాతే ఆయన్ని అడగాలి."

"ఆ లాయరు ఒప్పుకోకపోతే?"

"లేనట్టే."

పోయినవారమే బ్రిట్టాకి ఒళ్ళు కాలిపోయే జ్వరం, రొమ్ము రాయిలా గట్టిపడింది. పాలు నిలవుంటే చీము పడుతుంది, కోయాల్సొస్తుంది అంది డాక్టరమ్మ. బ్రిట్టా కూతురు, మూడునెలల సోల్వెగ్, సీసా నోట్లో పెడితే ఉమ్మేస్తుంది. కత్తి, కట్లు, మత్తుమందు అన్నీ అప్పుడే కళ్ళముందు తిరుగుతున్నాయి మార్లిస్‌కి. అది చాలదన్నట్టు మొగుడు డ్వేన్ కాఫీ తాగుతూ, "ఏమే, కోర్టు అంటే పిల్లల్ని ఆడించే గది అనుకుందా నీ కూతురు? రెండేళ్ళు ఇంట్లో కూచుంటే కొంపలేం మునగవుగా," అన్నాడు. సోల్వెగ్ తండ్రి మాటొచ్చేసరికి మాత్రం, "పాపం, వాడికి పని ఉంటుంది," అన్నాడు. జడ్జిగారి గురించి చెప్పమంటే ఆ నోరే ఆగదు. పాడి ఇంట పుట్టాడట, తెల్లారకముందే ఆవుల కింద కూచుని పాలు పితికాడట, సైన్యంలో చేశాడట, ఇరవయ్యేళ్ళు ప్రభుత్వ లాయరుగా దొంగల్ని గడగడలాడించాడట, జడ్జి పదవికి జరిగే ఎన్నికల్లో ఆయన మీద పోటీకి నిలబడే మగాడే లేడట. ఆయన తల్లి కూడా ఆ ఆవుల కిందే నడుం విరగ్గొట్టుకుంది. ఆవిడ ఊసు ఎవరూ ఎత్తరు. పితక్కుండా వదిలేస్తే ఆవు ఎలా అరుస్తుందో విన్న మనిషి కదా, ఆడదాని బాధ తెలియకపోతుందా అని మార్లిస్ ఒక్క క్షణం ఆశపడింది. తెలిస్తే ఆ నియమం ఎందుకు పెడతాడులే అని వెంటనే నీరుగారిపోయింది.

కోర్టు వరండాలో మార్లిస్ పాపని ఎత్తుకుని నిలబడింది. విచారణ మొదలవబోతోంది. దొంగతనం నేరం మోపిన ఓ హోటల్ వంటకుర్రాడి తరఫున బ్రిట్టా వాదించాలి. ప్రభుత్వ లాయరు లింగ్రెన్ గోడకి ఆనుకుని కాఫీ చప్పరిస్తున్నాడు. బ్రిట్టా అతని దగ్గరికి వెళ్ళింది.

"మధ్యలో ఒక్క ఇరవై నిమిషాలు విరామం కావాలండీ."

"ఎందుకో?"

బ్రిట్టా చెవులు ఎర్రబడ్డాయి. "పాపకి పాలివ్వాలి."

"అబ్బో! రేపు డైపరు మార్చడానిక్కూడా నా సమ్మతే కావాలంటారా?" లింగ్రెన్ నవ్వాడు. "నా సాక్షి పొలం పని మానుకొచ్చాడు మేడమ్. కుదరదు."

బ్రిట్టా వెనక్కి వచ్చింది. "మధ్యాహ్నం దాకా ఓర్చుకుంటాలే అమ్మా. ఆయనకి కోపమొస్తే ఆ కుర్రాడి మీదికొస్తుంది. నువ్వు లోపలికి రాకు."

ఓర్చుకో తల్లీ అనడం మార్లిస్‌కి అలవాటే. ఈసారి మాత్రం ఆ మాట అనకుండా పాప దుప్పటి సర్దింది. తలుపు మూసుకున్నాక తనూ లోపలికెళ్ళి ముందు బెంచీ మీద కూర్చుంది. "ఏడిస్తే బయటికే," అని కోర్టు పోలీసు చెవిలో గొణిగాడు.

సాక్షి సగంలో ఉండగా సోల్వెగ్ లేచింది. మొదట మూలిగింది. తర్వాత గది అదిరేలా ఏడుపందుకుంది. ఆ ఏడుపు వినగానే బ్రిట్టా బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. పాలు చేపుకొచ్చాయని మార్లిస్‌కి తెలిసిపోయింది.

అందరూ మార్లిస్ వైపు చూశారు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. చర్చిలో పాటలప్పుడు, మరిది పెళ్ళిలో, మామగారి అంత్యక్రియల్లో చంటిపిల్లగా బ్రిట్టా ఏడిస్తే అందరూ ఆమె వైపే చూసేవారు. "ఏవమ్మా, బయటికి తీసుకెళ్ళు," అనేది అత్త. డ్వేన్ తల కూడా తిప్పేవాడు కాదు. ఏ పెళ్ళీ, ఏ ప్రార్థనా మార్లిస్ చివరిదాకా చూడలేదు. ఆమెకి అన్నీ గోడ అవతలనుంచే వినపడేవి. ఇప్పుడూ ఒళ్ళు అలవాటుగా లేవబోయింది. దాన్ని బలవంతాన బెంచీకి అదిమిపెట్టింది.

బ్రిట్టా నిలబడింది. "యువర్ ఆనర్, విరామం కోరుతున్నాను. పాపకి పాలివ్వాలి."

"ఎదుటివారి సమ్మతి తీసుకున్నారా?"

"అడిగాను. ఇవ్వలేదు."

"నా పద్ధతి మీకు తెలుసు కదా. కూర్చోండి." జడ్జి కళ్ళద్దాలు తీసి మార్లిస్‌ని చూశాడు. "అమ్మా, బిడ్డను బయటికి తీసుకెళ్ళండి."

ఇప్పుడు నోరు తెరిస్తే కూతురి ఉద్యోగం పోతుంది, ఆ కుర్రాడు జైలుకి పోతాడు, తననీ లోపలేస్తారు. మార్లిస్‌కి ఇవన్నీ ఒక్కసారే జరిగిపోయినట్టు కనపడింది. అయినా లేచి నిలబడింది. ఇక్కడ మాట్లాడాలంటే నిలబడాలి.

"తీసుకెళ్తానండీ. దీని అన్నం ఆ బల్ల దగ్గర నల్లకోటేసుకుని ఉంది, దాన్ని కూడా నాతో పంపండి."