ఇరుసు దొంగ ఏసోబు

దుర్గి చుట్టుపక్కల ఏసోబంత దొంగ ఇంతవరకూ పుట్టలేదు. నడుస్తున్న బండి కింద నుంచి అతను ఇరుసు లాగేస్తే, కారంపూడి సంతలో దిగేదాకా బండివాడికి తెలియనే లేదు!

ఏసోబు ఎరుకలవాడు. కందికంపతో గాదెలు అల్లుతాడు. దొంగజాతుల చట్టం ఎత్తేసి నాలుగేళ్లయినా, మునసబు నరసింహారావుగారు హాజరు పుస్తకం మాత్రం ఎత్తెయ్యలేదు. రోజూ పొద్దుగూకేసరికి ఏసోబు వెళ్లి వేలిముద్ర వెయ్యాల్సిందే. ఊళ్లో కోడి గుడ్డు పెట్టడం మానేసినా ముందు వెతికేది అతని గుడిసే.

ఆ యేడు వెంకటకృష్ణయ్యశెట్టి ఇంట్లో కొత్త గాదె నింపిన రోజు నుంచి గింజలు కొలిచే ఇత్తడి మానిక కనబడలేదు. గాదె అల్లింది ఏసోబు. ఇంకేం కావాలి?

పదోనాడు శెట్టి అరుగు మీదే పంచాయితీ.

"ఒరేయ్, ఇరుసు లాగినోడివి, మానిక నీకో లెక్కా? ఏడ దాచావో చెప్పు. లేదా రేపు మాచర్ల స్టేషనుకు పంపిస్తా" అన్నారు మునసబు.

"బిడ్డల మీద ఒట్టు బాబయ్యా, నాకు తెలవదు."

 ఏసోబు ఒకసారి స్టేషను గడప తొక్కాడంటే ఇక ఏ ఇల్లాలూ గాదె అల్లించుకోదు. అల్లిక పోతే పెళ్లాం రాహేలుకూ పిల్లలకూ కూడెట్లా? అప్పుడిక నిజంగానే దొంగ కావాలి.

అంతలో శెట్టి భార్య మహాలక్ష్మమ్మ చేట పట్టుకొచ్చింది. "మానిక తర్వాత. ఈడల్లిన గాదె ఏంది, ఇయ్యాలే తెరిస్తే గింజ రాల్చదు! గింజలు తీసే అడుగు కంతలో గుడ్డ లాగినా దోసెడు జొన్నలు పడలా."

"అల్లికా దొంగదేనన్నమాట!" అన్నారు మునసబు.

అందరూ గాదె దగ్గరికి కదిలారు. ఏసోబు కంతలో చెయ్యి దూర్చాడు. మోచేతిదాకా పోయిందో లేదో, వేళ్లకు చల్లగా ఇత్తడి తగిలింది.  తను బయటికి లాగితే? 'ఇప్పుడే పెట్టి తీశాడు' అనరూ? మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని, ఖాళీ అరచెయ్యి అందరికీ చూపించాడు.

"శెట్టిగారూ, తమరు పెట్టండి."

"నాదేమన్నా గాదెలల్లే చెయ్యంట్రా?"

"అందుకే తమరు పెట్టాల."

శెట్టి చొక్కా చెయ్యి పైకి లాక్కుని, కంతలో చెయ్యి పెట్టి, మూలిగి, గుంజాడు. మానిక బయటికొచ్చింది. దాని వెనకే జొన్నలు జలజలా దూకి శెట్టి పాదాల్ని కప్పేశాయి.

మహాలక్ష్మమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. కొత్త గాదెలో తొలి మానిక ఇల్లాలే పొయ్యాలి గదా! ఆ రోజు ఆమె పోస్తుండగా, దూడ తాడు తెంపుకుందని ఎవరో కేకేశారు. చేతిలోది గాదెలోనే జారవిడిచి పరిగెత్తింది. కూలీలు దానిమీద పదహారు బస్తాలు కుమ్మరించారు.

"నా మతి మండ! నేనే గదరా ఏసోబూ..."

"ఏమే, పది రోజులు నాచేత ఈణ్ణి తిట్టించావు గదే!" అన్నాడు శెట్టి.

 ఏసోబుకు కొంటెతనం వచ్చింది. "బాబయ్యా, ఇయ్యాల యేలిముద్రకు నేను రావాల్నా, అమ్మగారు వస్తారా?"

ముందు పక్కున నవ్వింది మహాలక్ష్మమ్మే. మునసబు దగ్గి, పై కండువా సర్దుకుని, "ఎవురూ రానక్కర్లా పోరా. రేపూ రాబాక, ఎల్లుండీ రాబాక" అన్నారు.

ఆ పొద్దు ఏసోబు వెలుతురుండగానే రాహేలు పెట్టిన జొన్నసంకటి తిని, గుడిసె ముందు కాళ్లు బారచాపుకున్నాడు. మర్నాడే మహాలక్ష్మమ్మ రెండో గాదె అల్లమంది.

ఇంతకీ ఏసోబు జన్మలో పరాయి గడ్డిపరక ముట్టి ఎరగడు. ఆ ఇరుసు కథ నేను కల్పించిందే, ఊరంతా చాటిందీ నేనే. ఇరుసు లేని బండి కారంపూడి దాకా ఎట్లా నడిచిందని ఒక్కడన్నా అడిగితేనా!